వాక్యం మారింది

సోమవారం

ఈ రోజు కూడా పార్సిల్ వచ్చింది. పలచగా, పళ్ళెమంత వెడల్పుగా ఉంది. చేతిలో పెడితే బరువే లేదు. గుమ్మంలో ఉన్నాను కనుక నేనే అందుకున్నాను. కోడలు వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. కాదు, అబద్ధం రాయకూడదు. తీసుకుంది. కానీ ఆ తీసుకోవడంలో లాక్కోవడం ఉంది.

"ఏముంది అందులో?"

"బొంగరానికి అత్తయ్యా. చదువు సామాను."

చదువు సామానంటే పుస్తకం. పుస్తకమంటే బరువుండాలి. నా గ్రంథం చేతిలో పెడితే ఎవరికైనా మణికట్టు వంగుతుంది. బరువులేని చదువు ఏం చదువు? ఆమె దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. కత్తెర చప్పుడు వినిపించింది. తరవాత నా మనవరాలు బొంగరం నవ్వు.

మూసిన తలుపును నేను నమ్మను. ఆ మొదటి జంట తోటలో దాక్కున్న నాటినుంచీ, దాక్కున్న ప్రతి మనిషి దగ్గరా కొరికిన పండు ఒకటి ఉంటుంది.

ఇది నేను ప్రసంగించే వేదిక మీద చెప్పే మాట కాదు, ఇంటి పరువు. దేవుడికి చెప్పాను. ఆయన విన్నాడు గానీ జవాబివ్వలేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మంగళవారం

నా కుట్టు దుకాణంలో పనితో ఊపిరాడలేదు. ఫోన్లో కొన్న బట్టలన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. ఫోన్లో చూస్తే దేవకన్య తొడుక్కున్నట్టుంటుంది, ఇంటికొచ్చి విప్పితే గుడారం. నడుం కుదించండి, పొడవు తగ్గించండి, చంకలో కాస్త వదలండి. ఒకావిడ నీలం గౌను తెచ్చింది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు దూరేంత జాగా ఉంది అందులో.

"కొలత చూసుకోకుండా ఎందుకు కొన్నావమ్మా?"

"తగ్గింపులో వచ్చింది ఆంటీ."

"చూశావా, తగ్గించాక కూడా ఎంత మిగిలిందో!"

కాజాల వదిన పకపకా నవ్వింది. వదినంటే చుట్టం కాదు, నా దగ్గర కాజాలు కుట్టే మనిషి. ప్రపంచంలో ప్రతి గుండీకీ కాజా కుట్టగలదు గానీ తన నోటికి మాత్రం గుండీ పెట్టుకోలేదు.

గౌనావిడకి అక్కడే చిన్న ప్రసంగం చేశాను. కంటికి నచ్చినదల్లా చేతికి రావాలనుకోవడంతోనే మనిషి పతనం మొదలైందని, ఎక్కడ రాసి ఉందో మిషను పక్కనున్న గ్రంథం తీసి చూపించాను. ఆవిడ ఫోను చూసుకుంటూనే, "సరే ఆంటీ, పై వారం శనివారానికి అవుతుందా?" అంది.

ఆవిడ వెళ్ళాక వదిన అంది. "వాళ్ళు కొనడం మానేస్తే మన మిషన్లు ఏం తింటాయి వదినా?"

"నేను పాపాన్ని అమ్మడం లేదు. వచ్చిన పాపాన్ని పొట్టి చేస్తున్నాను."

ఈ మాట బాగా కుదిరింది. సభలో వాడుకోవాలి.

బుధవారం

ఇంటి బడి అంటే ఏమిటో ఈ రోజు కళ్ళారా చూశాను. మధ్యాహ్నం దుకాణం కట్టేసి చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్ళాను.

నేల మీద వెడల్పాటి ట్రే. అందులో ఇసుక. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ ఇసుకలో వేలితో గీస్తోంది, పాట పాడుతోంది. కోడలు ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని తనూ పాడుతోంది. పలకా లేదు, పుస్తకమూ లేదు. గీసింది చెరిపెయ్యడం, మళ్ళీ గీయడం. పాడిందే పాడడం.

"ఇదేం చదువమ్మాయ్?"

"చదువే అత్తయ్యా."

"బడిలో చేర్పించి, ఫీజులు కట్టి, యూనిఫాం నా చేత్తో కుట్టి ఇస్తే, మాన్పించి తెచ్చింది ఇసుకలో ఆడించడానికా?"

బొంగరం లేచి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. గొంతులు పెరిగితే చాలు, తిరుగుతుంది. అందుకే దానికా పేరు. కోడలు దాన్ని పట్టుకుని ఆపి, "సాయంత్రం మాట్లాడుకుందాం అత్తయ్యా" అంది.

సాయంత్రం మాట్లాడలేదు. నా కొడుకుని అడిగాను. వాడిది లిఫ్టులు బాగుచేసే పని. పొద్దస్తమానం అంతస్తుకీ అంతస్తుకీ మధ్య వేలాడుతుంటాడు. ఇంట్లో కూడా అదే ఉద్యోగం, తల్లికీ పెళ్ళానికీ మధ్య.

"మేం చూసుకుంటాంలే అమ్మా."

ఎవరీ మేం? నాకు తెలుసు. కోడలు పగలంతా ఫోన్లో ఒక గుంపుతో మాట్లాడుతుంది. 'గోడల్లేని బడి' అట. పిల్లల్ని ఇళ్ళలోనే చదివించుకునే తల్లిదండ్రులట. ముఖాలు చూసుకున్నది లేదు, పేర్లు నిజమో కాదో తెలియదు. వాళ్ళ మాట విని ఈమె నా మనవరాలి బడి మాన్పించింది. పార్సిళ్ళు కూడా వాళ్ళు కొనమన్నవే అయ్యుంటాయి.

నన్ను బడికి పంపినవాళ్ళు లేరు. దుకాణాల బోర్డులు చూస్తూ, గ్రంథం మీద వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ మెడ వంచి లొంగదీసుకున్నాను. గోడలున్న బడి కోసం ఏడ్చినదాన్ని నేను. ఆ గోడలు వద్దంటున్నారు వీళ్ళు.

శుక్రవారం

శుక్రవారం ప్రార్థనలో బొంగరం వాక్యం చదివింది. ఏ భాగమో సోమవారమే చెప్పేస్తాను, అది సాధన చేస్తుంది, శుక్రవారం నిలబడి చదువుతుంది, ఆ భాగం మీద నేను ప్రసంగిస్తాను. మా ప్రార్థన హాల్లో ఇదే పద్ధతి. గ్రంథం తెరిచి పట్టుకుని, దాని వంక చూడనైనా చూడకుండా గంట మోగినట్టు చదివింది. అంత చక్కగా పెద్దవాళ్ళయినా చదవరు. హాలు చూసుకునే పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అక్కగారూ, మీ రక్తం" అన్నాడు.

అవును, నా రక్తమే. బడి లేకపోయినా నా రక్తం చదువుతుంది.

ఒక్క సంగతి మాత్రం ముల్లులా ఉంది. పిల్ల చదువుతున్నంతసేపూ కోడలు వెనక గోడకి ఆనుకుని నిలబడి పెదాలు కదిపింది. శబ్దం లేదు. ప్రార్థన అయితే కళ్ళు మూసుకోవాలి. ఆమె కళ్ళు తెరిచి బొంగరాన్నే చూస్తూ పెదాలు కదిపింది. ఆ గుంపువాళ్ళు ఏమైనా నేర్పారా? ఏమిటా మంత్రం?

శనివారం

గుంపులో చేరాను.

నా ఆలోచన కాదు, వదినది. "పొగ చూసి ఎంతకాలం ఊహిస్తావు వదినా, లోపలికెళ్ళి పొయ్యి చూడు" అంది. తన ఫోన్లోంచి 'ఒక తల్లి' అని పేరు పెట్టి చేర్పించింది. అది అబద్ధం కాదు. నేను ఒక తల్లినే.

చదివాను. మొదట కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది. ఒకాయన తన కొడుకు కూరగాయల బండి దగ్గరే లెక్కలన్నీ నేర్చేసుకున్నాడంటాడు. వెంటనే ఇంకొకావిడ, లెక్కలు నేర్పే చెక్కబిళ్ళలు మా దగ్గర దొరుకుతాయంటుంది. బడులు పిల్లల్ని ఒకే అచ్చులో పోస్తున్నాయని ఒకడు వాపోతాడు, ఆ కిందే అచ్చులు అమ్మేవాడు తయారు. ఇది బడి కాదు, బజారు. దేవాలయంలో వ్యాపారుల బల్లలు తన్నినట్టు, ఈ బల్లలు తన్నడానికి ఒకరు రావాలి.

తరవాత కోడలి మాట కనపడింది. ఆమె తన పేరు దాచుకోలేదు, ఆశ్చర్యం. ఇలా ఉంది.

'ఈ శుక్రవారం కూడా గడిచింది. ఎవరికీ తెలియలేదు. పాప బాగా అలిసిపోయింది.'

దాని కింద ముక్కూ మొహం తెలియని వాళ్ళ జవాబులు. ధైర్యంగా ఉండండి. మీ అత్తగారికి చెప్పకపోతే ఎలా? తొందరపడకండి.

ఏం తెలియలేదు? ఎవరికి? నా ఇంట్లో, నా హాల్లో, నా శుక్రవారం నాడు నాకు తెలియకుండా ఏం జరుగుతోంది?

ఆదివారం

నోరు ఆపుకోలేకపోయాను. రాయడం నెమ్మది కనుక వాయిస్ మెసేజ్ నొక్కి మాట్లాడాను. దాచినదేదీ దాగదని, గోడలు లేని ఇంటికి కావలి ఉండదని, బిడ్డల్ని బజారులో పెట్టిన తల్లులు లెక్క చెప్పాలని. బాగా వచ్చింది. మంచి ఊపులో ఉన్నాను. వదిన చప్పట్లు కొట్టింది.

సాయంత్రం కోడలు నా మంచం పక్కన నిలబడింది.

"పేరు మార్చుకున్నారు గానీ గొంతు మార్చుకోవాల్సింది అత్తయ్యా."

నా గొంతు ఈ చుట్టుపక్కల ఎవరికి తెలియదు? వెనకాల నన్ను ఉరుము అక్క అంటారు. పేరు దాచుకుని ప్రసంగం చేసింది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆమె నవ్వలేదు. మంచం చివర కూర్చుంది. "మీకొక విషయం చెప్పాలి. బొంగరం గురించి. అది చెప్పొద్దంది గానీ..."

"నాకు చెప్పక్కర్లేదు, పైవాడికి చెప్పుకో" అని గ్రంథం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాను. కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

అబద్ధం అల్లడానికి వచ్చి ఉంటుంది. వాక్యం వినపడేసరికి నిలవలేకపోయింది.

మంగళవారం

కోడలు పిల్లని తీసుకుని కూరగాయలకి వెళ్ళింది. లోపలి గది తెరిచాను. నా కొడుకు ఇల్లు, నా ఇల్లు.

పార్సిళ్ళలో వచ్చినవన్నీ ఒక డబ్బాలో ఉన్నాయి. అవతలివైపు కనపడే రంగురంగుల ప్లాస్టిక్ షీట్లు, పసుపు, నీలం, గులాబి. గరుకు కాగితంతో కత్తిరించిన పెద్ద పెద్ద అక్షరాలు. వాటి మీద వేలు పెట్టి చూశాను. చూపు లేనివాళ్ళు తడిమినట్టు తడమాలి కాబోలు. ఎందుకు? పిల్లకి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

ఎక్కడివక్కడ సర్దేశాను.

వాళ్ళు వచ్చాక బొంగరం చెవుల్లో పెట్టుకునేవి పెట్టుకుని గది చుట్టూ నడుస్తూ గొణుక్కుంది. దగ్గరికెళ్ళి ఒకటి తీసి నా చెవిలో పెట్టుకున్నాను. కోడలి గొంతు. రాబోయే సభకి నేనిచ్చిన భాగం, తప్పిపోయిన గొర్రె కథ, ముక్క ముక్కగా చెబుతోంది.

"ఎందుకే ఇది?"

"సాధన నానమ్మా" అని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ నడిచింది.

బుధవారం

పిల్లని దుకాణానికి తీసుకెళ్ళాను. బట్టలకి గుచ్చిన చీటీలు చదివిపెట్టమన్నాను. నీలం గౌను చీటీ తీసి, "నడుం కుదించాలి, శనివారానికి" అని టపీమని చెప్పింది. ఆ మాట నేనూ వదినా పొద్దున అనుకున్నదే. అప్పుడు అది బొత్తాల డబ్బాతో ఆడుకుంటోంది.

దాని ముందు ఎవరమూ అననిది ఒకటి వెతికి ఇచ్చాను. 'చేతులు విప్పాలి.' అంతే, రెండు మాటలు.

చూసింది. చీటీని దూరం పెట్టింది, దగ్గర పెట్టింది. "దాహంగా ఉంది నానమ్మా" అంది. నీళ్ళు తాగింది. గిరగిరా తిరిగింది.

ఈ పిల్లకి చదవడం రాదు.

ఆ గంట మోగినట్టు చదవడమంతా కంఠస్థం. వెనక గోడ దగ్గర పెదాలు కదపడం మంత్రం కాదు, పిల్ల మరిచిపోతే అందించడానికి. 'ఎవరికీ తెలియలేదు' అంటే ఇదీ. తొమ్మిదేళ్ళు వచ్చినా పిల్లకి అక్షరం ముక్క నేర్పకుండా, బడి మాన్పించి, ఇసుకలో ఆడించి, అది బయటపడకుండా నా వేదిక మీదే నాటకం ఆడించింది.

గురువారం

కొడుక్కి చెబితే నమ్మడు. "మేం చూసుకుంటాంలే అమ్మా" అంటాడు. వాడు చూడాలి. అందరూ చూడాలి.

పెద్దాయనతో మాట్లాడాను. ఊళ్ళో ఇంకో పెద్ద బడి ఉంది, దాని హెడ్మాస్టరు ఆయనకి దగ్గర బంధువు. పిల్లని తీసుకుంటారట. "తండ్రి ఒప్పుకుంటే చాలు అక్కగారూ. అక్కడ క్రమశిక్షణ గట్టిది. సోమరితనం అంతా పోతుంది."

తండ్రి ఒప్పుకుంటాడు. ఆదివారం ఏటా జరిగే పెద్ద సభ. చుట్టుపక్కల హాళ్ళవాళ్ళందరూ వస్తారు. ఆ రోజు వేదిక మీద వాక్యం మారుతుంది. మధ్యలో దేవుడి నడిపింపు వస్తే భాగం మార్చడం నాకు మామూలే, ఎవరికీ అనుమానం రాదు.

ఇది నా పగ కాదు. నడిపింపు.

శుక్రవారం

కోడలు వచ్చి, "ఈసారి బొంగరం వద్దు అత్తయ్యా, అంతమంది ముందు" అంది.

"ఎందుకొద్దు? బాగా చదువుతుందిగా?"

నా కళ్ళలోకి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం తలుపుకి చెరోవైపు గడియ పట్టుకుని నిలబడ్డట్టు.

బొంగరమే అంది. "నేను చదువుతా. నానమ్మ కోసం."

దాని మాట నన్ను ఆపి ఉండాల్సింది అని ఎవరైనా అనవచ్చు. నిర్ణయం అయిపోయింది.

ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండి, మెట్ల మీద కూడా జనం. బొంగరం తెల్ల గౌను వేసుకుంది, నేను కుట్టిందే. మైకు దాని ఎత్తుకి దించారు. నా కొడుకు ముందు వరసలో, కోడలు ఎప్పటిలాగే వెనక గోడ దగ్గర.

నేను చెయ్యెత్తాను. "వాక్యం మారింది" అన్నాను. ఇద్దరు తల్లులు ఒకే బిడ్డ నాదంటే నాదని రాజు ముందు నిలబడిన అధ్యాయం తెరిచి దాని చేతుల్లో పెట్టాను. హాలంతా కాగితాలు తిరగేసిన చప్పుడు. కోడలు గోడ నుంచి ఒక్కసారిగా ముందుకి వచ్చింది. ఆమె పెదాలు కదల్లేదు. ఏ మాట అందించాలో ఆమెకీ తెలియదు.

బొంగరం పేజీ చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పేజీ చూసింది. తరవాత గొంతు సవరించుకుని, తప్పిపోయిన గొర్రె కథ చెప్పడం మొదలుపెట్టింది. కాపరి మందని వదిలి కొండలెక్కి వెతకడం దాకా వచ్చింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన వంగి, "అది కాదు పాపా, ఇది" అని పేజీ మీద వేలు పెట్టాడు.

పిల్ల ఆగిపోయింది.

అప్పుడు నేను మైకు తీసుకున్నాను. నేను కావాలనే తీసుకున్నాను. "చూశారా! బడి మాన్పిస్తే ఏమవుతుందో చూశారా! తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఒక్క అక్షరం రాదు!" అన్నాను. హాలు గుయ్యిమంది. నా కొడుకు తల దించుకున్నాడు. నేను అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది.

బొంగరం నా చీర కొంగు పట్టుకుని పైకి చూసింది. మైకు నా చేతిలో దాని నోటికి దగ్గరగా ఉంది.

"బడిలో కూడా అక్షరాలు కదిలేవి నానమ్మా."

అందరికీ వినపడింది.

"కాస్త పట్టుకో. కదలకుండా పట్టుకుంటే చదువుతా."

కొందరు ముద్దుగా ఉందని నవ్వారు. నేను మైకు పక్కన పెట్టి గ్రంథం రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. వణికింది. నా చేతులే వణికాయి.

కోడలు నడవా మధ్యలోంచి వచ్చింది. పరుగెత్తలేదు. నన్ను చూడలేదు. పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ అధ్యాయం మెల్లగా, ముక్క ముక్కగా చదివింది. పిల్ల వెంట చెప్పింది. బిడ్డని చెరిసగం చెయ్యడానికి రాజు కత్తి తెమ్మన్న చోట కూడా చెప్పింది. చివరిదాకా చెప్పి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

ప్రసంగించాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. బాగుందన్నారు.

సోమవారం

కొడుకు పొద్దున్నే అన్నాడు. "నువ్వే కరెక్టమ్మా. వచ్చే సోమవారం నువ్వన్న ఆ పెద్ద బడిలో చేర్పిద్దాం." కోడలి వంక చూడకుండా, గోడతో అన్నట్టు అన్నాడు. అంతమందిలో తల దించుకున్నవాడు.

నేను గెలిచాను.

మంగళవారం

బొంగరం నా గదికి రాలేదు.

బుధవారం

బొంగరం రాలేదు.

కోడలు బట్టలు మడతపెడుతుంటే నేనే వెళ్ళి నిలబడ్డాను.

"నాకు ముందే చెప్పొచ్చుగా?" అన్నాను.

మడత ఆపలేదు. "చెప్పబోయాను. మీరు గ్రంథం తీశారు."

ఒక చొక్కా మడిచింది. ఇంకొకటి తీసింది. అప్పుడు చెప్పింది. దాని కళ్ళకి అక్షరాలు నిలవవట. పేజీ మీద నడుస్తాయట, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయట. అలాంటి పిల్లలు చాలామంది ఉంటారట, నెమ్మదిగా, పేజీ మీద రంగు షీటు పెట్టీ, తడిమీ, పాడీ నేర్చుకుంటారట. బడిలో దాన్ని రోజూ బల్ల ఎక్కించి నిలబెట్టేవారట. పక్క తడుపుకోవడం మొదలయ్యాక మాన్పించారట. ఆ గుంపులో పార్సిళ్ళు అమ్మేవాళ్ళతో పాటు ఇలాంటి పిల్లల తల్లులు కూడా ఉన్నారట, వాళ్ళే దారి చూపించారట.

అన్నీ అట, అట. ఇంకా నమ్మబుద్ధి కాలేదు నాకు. అక్షరం కదలడమేమిటి? అచ్చయింది అచ్చయిన చోట ఉంటుంది.

"మరి నా దగ్గరెందుకు దాచారు?"

"దాచమంది అది. ఎందుకో దాన్నే అడగండి. అడిగి, జవాబు వినండి."

చివరి మాట గట్టిగా అంది. నా ఇంట్లో నాతో ఎవరూ అలా అనలేదు.

గురువారం

బొంగరం దుకాణానికి వచ్చింది. దానంతట అది రాలేదు, నేను బతిమాలితే వచ్చింది. వదిన టీ తాగడానికి వెళ్ళింది. కత్తిరింపు బల్ల మీద కూర్చోబెట్టి, "అక్షరాలు ఎలా కదులుతాయే? చూపించు" అన్నాను.

నమ్మలేనట్టు చూసింది. నా ముఖంలో ఏదో వెతికింది. తరవాత బొత్తాల డబ్బా ఒంపి, బల్ల మీద వరసగా బొత్తాలు పేర్చింది. ఎరుపు, తెలుపు, నాలుగు కన్నాలవి, రెండు కన్నాలవి.

"ఇదొక మాట అనుకో. ఎడమ నుంచి చెప్పు."

"ఎరుపు, తెలుపు, తెలుపు, నలుపు..."

కిందికి దిగి బల్లని రెండు చేతులతో ఊపింది. బొత్తాలు జరిగాయి, దొర్లాయి, ఒకదానికింద ఒకటి దూరాయి.

"చెప్పు, చెప్పు, ఆగకు!"

"ఎరుపు... ఆగవే. ఎరుపు..."

"మళ్ళీ మొదట్నుంచి!" ఊపుతూనే ఉంది. "అందరూ చదివేశారు, నీకే రాలేదు. తిరిగి చూడకు. ఇటు చూడు. గట్టిగా!"

నాకు చెమట పట్టింది. ఒక బొత్తాన్ని వేలితో నొక్కిపట్టాను. ఇంకొకటి జారింది. బొత్తాలే. ఆటే. అయినా ఏడుపొచ్చేలా ఉంది.

అది నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మెడ ఒక పక్కకి వంచి, గొంతు లావు చేసి అంది.

"మనసు పెడితే రానిది ఏమైనా ఉందా? ఉందా అని అడుగుతున్నాను! రానివాడికి రాక కాదు, పొగరు! సోమరితనం!"

"ఎవరే అలా అంది? ఆ బడి పంతులమ్మా?"

నడుం మీది చేతులు దించేసింది.

"కాదు. నువ్వే. శుక్రవారం మైకులో. నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను అని చెప్పేటప్పుడు ఎప్పుడూ అంటావుగా."

కిందపడ్డ బొత్తాలు ఏరడానికి వంగింది. నేను కూడా వంగాను. మిషను కింద ఇద్దరం చాలాసేపు ఏరాం. పైకి లేవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

శుక్రవారం

హాల్లో పెద్దాయన అన్నాడు. "హెడ్మాస్టరుతో మాట్లాడేశాను అక్కగారూ. సోమవారం పొద్దున తీసుకురమ్మన్నాడు."

"తీసుకురాను."

"అదేమిటి? మీరేగా అడిగింది?"

"నేనే అడిగాను. నేనే వద్దంటున్నాను."

ఆయన నవ్వాడు. "నడిపింపు మారిందా?"

వెటకారం. నాకు తగినదే. మా వాళ్ళందరూ వింటుండగా చెప్పాను. ఆదివారం వాక్యం మార్చింది నడిపింపు కాదు, నేను. పిల్లకి చదవడం రాదని తెలిసే మార్చాను. కోడలు అందరి ముందూ తల దించుకోవాలని మార్చాను. పిల్ల సోమరి కాదు, దాని తల్లి నాటకాలాడే మనిషి కాదు.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఇంతకాలంలో నా మాటకి ఆమెన్ రాకపోవడం ఇదే మొదలు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, కొంతకాలం వేదిక మీద వేరేవాళ్ళు మాట్లాడితే మంచిదన్నాడు. సరే అన్నాను. మనసులో సరే అనలేదు. మండిపోయాను. ఇంటికొచ్చేదాకా దారంతా మండాను.

ఆదివారం

ఆ బడి వద్దని కొడుక్కి చెప్పాను. "నీ ఇష్టం వచ్చినప్పుడల్లా మార్చుకుంటావా అమ్మా? నన్నేం చెయ్యమంటావు?" అని అరిచాడు. వాడు నా మీద అరవడం నాకు తెలిసి లేదు. అరిచాక మెత్తబడి, "నిజంగా కదులుతాయామ్మా?" అన్నాడు.

"నీ కూతురు చెబుతోంది" అన్నాను.

సోమవారం

నేనొక్కదాన్నే ఆ బడికి వెళ్ళాను. పెద్దాయన ఒకసారి మాట ఇస్తే అక్కడ సీటు అలాగే ఉంటుంది, రేపో ఎల్లుండో కొడుకు మనసు మళ్ళీ మారవచ్చు. మా మనసుల మీద నాకు నమ్మకం లేదు. నా మనసు మీద అసలే లేదు.

హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కిరకిరలాడుతోంది. కిటికీలోంచి ఒక తరగతి కనపడింది. ఒక పిల్లవాడు బల్ల మీద నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు కూర్చుని రాసుకుంటున్నారు. వాడు ఎందుకు నిలబడ్డాడో నాకు తెలియదు. అల్లరి చేశాడేమో.

"పాపని తీసుకొస్తారనుకున్నాను" అన్నాడాయన.

"రాదండీ. ఇంట్లోనే చదువుతుంది."

"ఎవరు చెబుతారు?"

"వాళ్ళమ్మ."

"ఆవిడ టీచరా?"

"మా బొంగరానికి టీచరు."

ఇంకేదో అడగబోయాడు. నేను లేచాను. కిటికీలో ఆ పిల్లవాడు ఇంకా నిలబడే ఉన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అయ్యా, ఆ బాబుని ఒకసారి అడగండి, అక్షరాలు కదులుతున్నాయేమో" అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. కోడలు గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికెళ్ళారు అత్తయ్యా?"

"ఆ బడికి."

ఆమె ముఖం బిగుసుకుపోయింది. "ఎందుకు?"

"సీటు వద్దని చెప్పడానికి."

నమ్మలేదు. నా కళ్ళు చూసింది. నా భుజానికున్న సంచి చూసింది. బడి నుంచి ఏం తెచ్చానో, ఏం దాచానో అన్నట్టు ఆ సంచినే చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అలా చూసింది నేనే.

నోటిదాకా ప్రసంగం వచ్చింది. ఆపుకున్నాను.

సంచి తీసి బల్ల మీద బోర్లించాను. టేపు, కళ్ళజోడు, దారపుండలు, నీళ్ళ సీసా, తాళాలు, గ్రంథం. చివరికంటా దులిపాను.

ఆమె దగ్గరికి వచ్చి ఒక్కొక్కటే తీసి చూసింది. గ్రంథం తెరిచి కాగితాల మధ్య కూడా చూసింది. పక్కనే నిలబడ్డాను. తొందరపెట్టలేదు.